పబ్లిషర్ చేతులు మారితే స్టూడియో గతేంటి?

ఆట వెనక మాట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: గురువుగారూ, నమస్కారం. మేం నలుగురు స్నేహితులం. ఎం.వి.పి. కాలనీలో మా పిన్నివాళ్ల మేడ మీద గదిలో కూర్చుని గేమ్స్ చేస్తుంటాం. మన ఫిషింగ్ హార్బర్ బోట్ల మీద చేసిన చిన్న మొబైల్ గేమ్ పర్వాలేదు, బాగానే ఆడింది. కరెంటు బిల్లు, మా టిఫిన్లు, ఇంటర్నెట్ దాని మీదే నడుస్తున్నాయి. ఇప్పుడు బెంగళూరు నుంచి ఒక పబ్లిషర్ మూడు గేమ్‌లకి కలిపి ఒకే ఒప్పందం చేసుకుందాం అంటున్నారు. మూడూ 3డీలోనే ఉండాలట. మనుషుల్ని పెంచుకోమని, రుషికొండ వైపు ఆఫీసు తీసుకోమని కూడా చెబుతున్నారు. పోయిన సంచికలో మీరు ‘సెన్సిబుల్ సాఫ్ట్‌వేర్ లాంటివాళ్లే నిలవలేకపోయారు’ అని ఒక ముక్క అని వదిలేశారు. ఆ కథేమిటి? మేం సంతకం పెట్టొచ్చా?
(ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: సంతకం సంగతి తరవాత చూద్దాం తమ్ముడూ, ముందు కథ వినండి. మీ నలుగురూ కూర్చుని వినాల్సిన కథే.

లండన్‌కి ఈశాన్యంగా, ఎసెక్స్‌లో, చెమ్స్‌ఫర్డ్ అని ఓ ఊరుంది. జాన్ హేర్, క్రిస్ యేట్స్ అక్కడ స్కూలు రోజుల నుంచి స్నేహితులు. ఇద్దరికీ సంగీతం పిచ్చి, కలిసి బ్యాండ్‌లో వాయించేవారు. 1986లో ఆ ఇద్దరే సెన్సిబుల్ సాఫ్ట్‌వేర్ పెట్టారు. యేట్స్ కోడ్ రాస్తాడు, హేర్ బొమ్మలు వేస్తూ ఆట ఎలా నడవాలో ఆలోచిస్తాడు. కంపెనీ అంటే అదే. ఆట తయారుచేసి ఓషన్ అనే పబ్లిషర్‌కి ఇస్తే, వాళ్లు క్యాసెట్లు వేసి షాపులకి పంపేవారు.

1987లో వచ్చిన విజ్‌బాల్ చూస్తే వీళ్ల బుర్ర ఎలా పనిచేసేదో తెలుస్తుంది. రంగులన్నీ పోయి బూడిదరంగుకు తిరిగిన లోకం. ఎగురుతూ దొర్లే ఆకుపచ్చ బంతిలో ఒక మంత్రగాడు. వాడికి తోడు ఒక పిల్లి. రంగు చుక్కలు రాలుతుంటే పిల్లి పట్టి తెస్తుంది, మంత్రగాడు వాటిని కలిపి లోకానికి రంగులు వేస్తాడు. మొదట్లో ఆ బంతి మన మాటే వినదు, అదుపులోకి రావడమే ఒక ఆట. ఇదంతా కమడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్‌లో, 64 కేబీ మెమరీలో. మీరు ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. ఆ ఏడే కోడింగ్ రానివాళ్లు సొంతంగా షూటింగ్ గేమ్స్ చేసుకునే కిట్ ఒకటి తెచ్చారు. మరుసటి ఏడు మైక్రోప్రోస్ సాకర్. వానలో ఆటగాళ్లు జారిపడే ఫుట్‌బాల్ అది.

1991లో మెగా లో మేనియా చేశారు. దీవుల మీద గోరంత మనుషులు రాతియుగం నుంచి ఒక్కో యుగం దాటుతూ కొట్టుకునే ఆట. ఆ గోరంత మనుషులకే ఫుట్‌బాల్ జెర్సీలు తొడిగి చూశారు. 1992లో వచ్చిన సెన్సిబుల్ సాకర్ అలా పుట్టింది.

దాని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఏమీ అనుకోకండి. అప్పటి ఫుట్‌బాల్ గేమ్స్‌లో ఆటగాణ్ణి పెద్దగా చూపించాలని తాపత్రయం ఉండేది. వీళ్లు ఉల్టా చేశారు. కెమెరాని పైకి తీసుకెళ్లి మైదానంలో చాలా భాగం ఒకేసారి కనిపించేలా పెట్టారు. మనిషి చిన్నవాడైపోయాడు, కానీ ఎవడు ఎక్కడ ఖాళీగా ఉన్నాడో మనకి తెలిసిపోతుంది. జాయ్‌స్టిక్‌కి ఒకటే బటన్. చటుక్కున తట్టి వదిలేస్తే పాస్, కాస్త నొక్కి ఉంచితే షాట్. పరిగెడుతూ గబుక్కున పక్కకి తిరిగితే బంతి మీతో రాదు, దాని దారిన అది పోతుంది. షాట్ కొట్టాక బంతి గాల్లో ఉండగానే జాయ్‌స్టిక్ పక్కకి లాగితే బంతి వంపు తిరుగుతుంది. ఆ వంపు కోసమే జనం రాత్రుళ్లు కూర్చున్నారు. నేర్చుకోవడానికి అయిదు నిమిషాలు, అందులో చెయ్యి తిరగడానికి ఏళ్లు. ఇందులో గ్రాఫిక్స్ గొప్పతనం ఏమీ లేదు. కెమెరా ఎక్కడ పెట్టాలి, బటన్ ఏం చెయ్యాలి అన్న రెండు నిర్ణయాల మీద నిలబడిన ఆట.

ఈ రెండు ఆటలకీ మధ్య వాళ్ల నెత్తిన ఓ పిడుగు పడింది. మీకు ముఖ్యమైన భాగం ఇదే. మెగా లో మేనియా ప్రచురించిన మిర్రర్‌సాఫ్ట్, డైలీ మిర్రర్ పత్రిక యజమాని రాబర్ట్ మాక్స్‌వెల్ వ్యాపారాల్లో ఒకటి. 1991 నవంబరు 5న ఆయన తన విలాస నౌక మీంచి సముద్రంలో పడి చనిపోయాడు. ఆ తరవాత లెక్కలు తీస్తే ఉద్యోగుల పెన్షన్ డబ్బు కూడా వాడేశాడని తేలింది. గ్రూపంతా కూలింది, దాంతోపాటే మిర్రర్‌సాఫ్ట్ కూడా. ఇంతటి దెబ్బకి చిన్న స్టూడియో ఎగిరిపోవాలి. పోలేదు. వీళ్లు తమ ఫుట్‌బాల్ ఆటని చంకన పెట్టుకుని రెనిగేడ్ అనే కొత్త పబ్లిషర్ దగ్గరికి వెళ్లారు. రెనిగేడ్‌ని పెట్టినవాళ్లలో బిట్‌మ్యాప్ బ్రదర్స్ ఉన్నారు, వాళ్లూ ఒక చిన్న స్టూడియోనే. ఆట హిట్టయింది.

1993లో వర్జిన్ అనే పబ్లిషర్ ద్వారా కానన్ ఫాడర్ వచ్చింది. నాకు వీళ్లు పరిచయమైంది దీంతోనే. అప్పట్లో డాబాగార్డెన్స్‌లో నాలుగు కంప్యూటర్లు పెట్టి గేమ్స్ సెంటర్ నడిపేవాణ్ణి. ఎవరో హైదరాబాద్ నుంచి ఫ్లాపీల్లో తెచ్చారు. యుద్ధం ఆట కదా, కాల్చుకుంటూ పోవడమే అనుకుని కుర్రాళ్లు మొదలుపెట్టారు. ఇందులో ప్రతి సైనికుడికీ ఒక పేరుంటుంది. మొదట వచ్చేవాళ్లు జూల్స్, జాప్స్. స్టూడియోలో వాళ్ల ముద్దుపేర్లే అవి. మిషన్‌కీ మిషన్‌కీ మధ్య తెర మీద ఒక పచ్చని కొండ వస్తుంది. కింద కొత్తగా చేరడానికి వచ్చిన కుర్రాళ్లు క్యూలో నిలబడి ఉంటారు. మీ చేతిలో ఎవడైనా చస్తే ఆ కొండ మీద వాడి సమాధి లేస్తుంది. ఆట సాగే కొద్దీ కొండ నిండిపోతుంది, క్యూలోకి మాత్రం కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు. కంచరపాలెం నుంచి వచ్చే కుర్రాడొకడు జూల్స్ చచ్చిపోతే చాలు, ఎంత దూరం వెళ్లినా ఆపేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. వాణ్ణి ఎవరూ కదిపేవారు కాదు. గంటకింతని లెక్క కాబట్టి నాకూ అభ్యంతరం లేకపోయింది.

ఆ ఆట మీద బ్రిటన్‌లో పెద్ద గొడవ అయింది. యుద్ధాల్లో చనిపోయినవాళ్ల గుర్తుగా అక్కడ నవంబరులో ఎర్ర గసగసాల పువ్వు పెట్టుకుంటారు. ఆట ప్రచారంలో ఆ పువ్వు వాడారని మాజీ సైనికుల సంస్థ రాయల్ బ్రిటిష్ లెజియన్ అభ్యంతరం చెప్పింది, డైలీ స్టార్ పత్రిక దుమ్మెత్తిపోసింది. కొండనిండా సమాధులు చూపించే ఆట యుద్ధాన్ని ఎగతాళి చేస్తోందో, యుద్ధానికి పంపేవాళ్లని ఎగతాళి చేస్తోందో ఆడినవాళ్లకి తెలుసు.

ఇక 1994 చివర్లో సెన్సిబుల్ వరల్డ్ ఆఫ్ సాకర్. సుమారు 1,500 జట్లు, 27,000 మంది ఆటగాళ్లు, మేనేజర్‌గా 20 సీజన్ల కెరీర్. ఇదంతా ఫ్లాపీల్లో ఇచ్చారు. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన హెన్రీ లోవుడ్ బృందం భద్రపరచాల్సిన ముఖ్యమైన ఆటలంటూ పదింటిని ఎంచితే టెట్రిస్, సిమ్‌సిటీ, డూమ్‌ల సరసన ఇదీ ఉంది.

పతనం కూడా సరిగ్గా అక్కడే మొదలైంది. ఆ ఆట ఏ అమిగా కంప్యూటర్ కోసం పుట్టిందో, దాన్ని తయారుచేసే కమడోర్ కంపెనీ అప్పటికే, 1994 ఏప్రిల్‌లో, దివాలా తీసేసింది. 1995 సెప్టెంబరులో యూరప్‌లోకి ప్లేస్టేషన్ దిగింది. అదే ఏడాది షెఫీల్డ్‌లోని గ్రెమ్లిన్ వాళ్లు 3డీలో యాక్చువా సాకర్ తెచ్చారు. అంతకుముందే ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) అనే పెద్ద కంపెనీ వాళ్ల ఫుట్‌బాల్ గేమ్ ఫిఫా మొదలై ఉంది. గోరంత మనుషులు ఒక్కసారిగా పాతబడిపోయారు. షాపువాళ్లకి, పబ్లిషర్లకి, పత్రికలవాళ్లకి అందరికీ 3డీయే కావాలి.

సెన్సిబుల్ వాళ్లూ అటే దూకారు. అప్పటికి రెనిగేడ్‌ని టైమ్ వార్నర్ కొనేసింది. వార్నర్‌తో పెద్ద ఒప్పందం కుదిరింది, మనుషులు పెరిగారు. హేర్ తన కలల ఆట ఒకటి మొదలుపెట్టాడు. అనామకుడైన ఒక గాయకుడు పెద్ద స్టార్ అయ్యే కథ. పేరు మొత్తం రాస్తే ఎడిటర్ మేడమ్ కొట్టేస్తారు గానీ, చివర ‘రాక్ ఎన్ రోల్’ అని వస్తుంది, మధ్యలో ‘డ్రగ్స్’ కూడా ఉన్నాయి. దాని కోసం బోలెడు పాటలు రికార్డు చేశారు. 1996లో వార్నర్ తన యూరప్ గేమ్స్ వ్యాపారాన్ని జీటీ ఇంటరాక్టివ్‌కి అమ్మేసింది. జీటీ ఎవరు? అమెరికాలో వాల్‌మార్ట్ షాపులకి సాఫ్ట్‌వేర్ సరఫరా చేస్తూ పెరిగిన కంపెనీ. బియ్యం, డైపర్లు అమ్మే చోట ఆ పేరున్న డబ్బాని ఏ అరలో పెడతారు చెప్పండి? ఆట ఆగిపోయింది, ఎప్పటికీ విడుదల కాలేదు. 3డీలోకి మార్చిన సెన్సిబుల్ సాకర్‌ని పాత అభిమానులే మెచ్చలేదు. 1999లో కంపెనీని కోడ్‌మాస్టర్స్ అనే ఇంకో గేమ్స్ కంపెనీకి అమ్మేశారు.

3డీ వచ్చి ముంచేసిందని అందరూ అంటారు. నాకు ఆ మాట సగమే నిజం అనిపిస్తుంది. లెక్క చూడండి. పబ్లిషర్ కాళ్ల కింద నేల జారిపోవడం వాళ్లకి రెండుసార్లు జరిగింది. 1991లో చేతిలో ఇంకొకరికి చూపించగలిగే ఆట ఉంది, గుప్పెడుమంది ఉన్నారు, నెలఖర్చు తక్కువ. ఇంకో తలుపు తట్టేదాకా ఆగగలిగారు. 1996లో చేతిలో ఉన్నది సగం చేసిన ఆట, అదీ ఇంకెవరూ ముట్టుకోని ఆట. ఖర్చు మాత్రం ప్రతి ఒకటో తారీఖుకీ ఎదురుచూస్తూ ఉంటుంది. వాళ్ల తెలివేం తగ్గలేదు. తక్కువ ఖర్చుతో ఆగగలిగే శక్తి తగ్గింది. పైగా కెమెరాని పైన పెట్టి ఆలోచించడంలో ఆరితేరినవాళ్లు, ఆ కెమెరాని కిందికి దింపమంటే మిగతావాళ్లలో ఒకరైపోయారు.

కంపెనీని అమ్ముకోవడం ఓటమి అని కూడా నేను అనను. అప్పులతో తాళం వేసుకునే కన్నా కొనేవాడుండగా అమ్ముకోవడం మేలు. హేర్ ఆ తరవాత 2004లో టవర్ స్టూడియోస్ అని పెట్టుకున్నాడు, పాత ఆట పోలికలతోనే సోషబుల్ సాకర్ చేశాడు. పాత పేరు వాడుకోలేదంటే అర్థమైంది కదా, పేరు కూడా కంపెనీతో వెళ్లిపోతుంది. కోడ్‌మాస్టర్స్‌ని 2021లో ఈఏ కొనేసింది. అవును, ఆ ఫిఫా ఈఏనే.

ఇప్పుడు మీ కాగితం. మీకు ఇస్తామంటున్నది జీతం కాదు, అడ్వాన్సు. ఉదాహరణకి 30 లక్షలు ఇచ్చి, రాయల్టీ 20 శాతం అన్నారనుకోండి. గేమ్ మీద నికరంగా కోటి రూపాయలు వచ్చినా మీ వాటా 20 లక్షలు, అది అడ్వాన్సులోనే జమ. ఇంకా 10 లక్షలు తీరేదాకా మీ చేతికి రూపాయి రాదు. మూడు గేమ్‌లనీ ఒకే ఖాతాలో కలిపితే, మొదటిది ఆడినా రెండోది పోతే దాని బాకీ మొదటిదాని రాయల్టీలోంచి లాగేస్తారు. అందుకని దేని ఖాతా దానిదే అని రాయించుకోండి. పబ్లిషర్ కంపెనీ ఇంకొకరి చేతికి వెళ్తే ఏమవుతుందో కాగితంలో ఉందా? గేమ్ ఆపేస్తే అప్పటిదాకా చేసిన పనికి డబ్బిచ్చి, హక్కులు మీకు తిరిగిచ్చేస్తారా? ఈ రెండు మాటలకి వాళ్లు నీళ్లు నములుతుంటే మీకు జవాబు దొరికినట్టే. బోట్ల గేమ్ హక్కులు మాత్రం ఈ ఒప్పందంలోకి రానివ్వకండి, అది మీ అన్నం.

రుషికొండ ఆఫీసు నాకైతే వద్దే వద్దు. గది చాలకపోతే పిన్నిగారి కింద వాటా ఖాళీ ఉందేమో అడగండి. మూడింటికి బదులు ఒక్క గేమ్‌కి ఒప్పందం అడిగి చూడండి. 3డీ మీలో ఎవరికి వచ్చు? ఎవరికీ రాకపోతే, అది నేర్చుకునే ఖర్చు కూడా ఆ అడ్వాన్సులోంచే పోతుంది. సంతకానికి ముందు కాపీరైట్ తెలిసిన లాయర్‌కి చూపించండి, మీ బాబాయిగారి స్నేహితుడైన సివిల్ లాయర్‌కి కాదు.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి హైదరాబాద్‌లో గేమ్స్ కంపెనీలో బొమ్మలు వేసే పని చేసేవాడు. కంపెనీ ఉన్నట్టుండి మూసేశారు. రెండు నెలల నుంచి ఇంట్లోనే ఉన్నాడు. బ్యాంకు పరీక్షలు రాయరా అంటే వినడు, మళ్లీ అదే పని చేస్తానంటాడు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఈ లైనులో భవిష్యత్తు ఉంటుందా?
(ఒక తల్లి, గాజువాక)

జవాబు: అమ్మా, ఈ లైనులో కంపెనీలు మూతపడటం కొత్త కాదు. అయితే కంపెనీతోపాటు పనివాళ్లు కూడా మూతపడరు. ఇంగ్లండ్‌లోనే లివర్‌పూల్‌లో 1982లో ఇమాజిన్ అనే కంపెనీ పెట్టారు. డబ్బు రాగానే ఖరీదైన కార్లు, పేజీలకి పేజీలు ప్రకటనలు. తయారు కాని ఆటల గురించి ఊరంతా చాటింపు. 1984 జులైలో అప్పులవాళ్లు కోర్టుకెళ్లి మూయించారు. కంపెనీ విజయగాథ తీద్దామని వచ్చిన బీబీసీ వాళ్ల కెమెరా ముందే ఆ కూలడం అంతా జరిగింది. కానీ అందులోంచి బయటపడ్డ కొందరు అదే ఏడు, అదే ఊళ్లో సిగ్నోసిస్ పెట్టారు. దాన్ని 1993లో సోనీ కొంది, 1995లో వాళ్ల రేసింగ్ గేమ్ వైపౌట్ ప్లేస్టేషన్‌కి పేరు తెచ్చింది. 2012లో సోనీ ఆ స్టూడియోని కూడా మూసేసింది అనుకోండి, అది వేరే కథ. 28 ఏళ్లు ఆ ఊళ్లో ఎంతోమందికి ఆ పనే అన్నం పెట్టింది.

మీవాడికి చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. పాత కంపెనీ నుంచి రిలీవింగ్ లెటర్, ఫారం 16 తీసుకున్నాడా? పీఎఫ్ ఖాతాలో నెలనెలా డబ్బు పడిందో లేదో చూసుకున్నాడా? కంపెనీలో మనుషులు దొరుకుతున్నప్పుడే ఆ పని చేయించండి, ఆఫీసు ఖాళీ అయ్యాక ఫోన్ ఎత్తేవాడుండడు. ఇంకోటి, తను వేసిన బొమ్మల్లో బయట చూపించడానికి ఏవి కుదురుతాయో రాతపూర్వకంగా అడగమనండి. గేమ్ విడుదల కాకపోతే ఆ బొమ్మలు చూపించనివ్వరు, అప్పుడు ఏళ్ల పని చూపించుకోవడానికి ఏమీ మిగలదు. అలాగైతే ఈ ఖాళీలోనే సొంతంగా నాలుగైదు బొమ్మలు వెయ్యమనండి. ఆరు నెలలు గడువు పెట్టుకోండి ఇద్దరూ కలిసి. బ్యాంకు పరీక్ష మాట మాత్రం రోజూ అన్నం దగ్గర ఎత్తకండమ్మా, తినేది ఒంటపట్టదు.

ప్రశ్న: సార్, మీరెప్పుడూ చెప్పే ఆ పాత ఆటలు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి? నా ల్యాప్‌టాప్ పాతది.
(ఇంటర్ విద్యార్థి, అనకాపల్లి)

జవాబు: పాతదైతే మరీ మంచిది. జీఓజీ అనే సైట్‌లో కానన్ ఫాడర్, సెన్సిబుల్ వరల్డ్ ఆఫ్ సాకర్ 96/97 కూర్పు అమ్ముతున్నారు, డిస్కౌంట్ రోజుల్లో చూసి కొను. సాకర్‌కి జాయ్‌స్టిక్ అక్కర్లేదు, బాణం గుర్తు కీలు, ఇంకో కీ ఉంటే చాలు. సాకర్‌లో మొదటి రోజు నీ గోల్ కీపర్‌ని తిట్టుకుంటావు. తప్పు వాడిది కాదు, నువ్వు బటన్ ఎక్కువసేపు నొక్కుతున్నావు. చటుక్కున తట్టి వదిలెయ్.